పట్టుకుంటే ఊరుకుంటది

స్విచ్ వెయ్యగానే బల్బు భగ్గున వెలిగి, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఆగి, మెల్లగా తగ్గి, చివరికి ఎర్రని వెంట్రుకంత వెలుగు దగ్గర నిలబడింది. అంటే లోపల షార్టు లేదు, అనుకున్నాడు ఉదయ్ భాస్కర్. గోడ గడియారంలో మూడు. నాలుగింటి బస్సుకు జంపక్క కూతుర్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఈలోగా ఈ గిటార్ ఆంప్లిఫైయర్ ఇలాగే, కరెంటు దారి మధ్యలో కాపలాగా బల్బు పెట్టుకుని, కరెంటు తాగుతూ వేడెక్కాలి. గంట నిలబడితే నిలబడినట్టు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చిన పెట్టెను ఐదు నిమిషాల్లో కట్టి ఇచ్చే మెకానిక్కులు ఊరికి ఇద్దరుంటారు. ఏన్కూరులో తను మాత్రం గంట చూడకుండా ఇవ్వడు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పేరు, భాస్కర్ చెయ్యి పడిన పెట్టె తిరిగి రాదని. అతను మీటర్ ముళ్లు రెండూ బోర్డు మీద ఆనించి, ట్రాన్సిస్టర్లు తాగుతున్న కరెంటు అంకె చూశాడు. పద్దెనిమిది. బాగుంది. తిరిగి రాదు అనుకున్నాడు మళ్లీ. మరి ఇదెందుకు వచ్చింది?

నాలుగు రోజుల కింద జంపక్క దీన్ని ఆటోలోంచి దింపి, నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి కౌంటర్ మీద దించినప్పుడు, పెట్టె కన్నా ముందు వాసన వచ్చింది. ఎండిన ఇప్పపువ్వు వాసన. అటక మీద పువ్వు గంపల పక్కన ఆరేళ్లు పడుకుని, నెల కిందే కిందికి దిగిన పెట్టె. నల్ల రెగ్జిన్‌ను ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. వెనక తెల్ల పెయింటుతో రాసుకున్న 'ఆది' అనే రెండక్షరాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి. భాస్కర్ వాటిని చదివి, చదవనట్టు ముఖం పెట్టి, ఏమైందన్నాడు. జంపక్క కూతురు శ్యామల చెప్పింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తండ్రి పోలిక, అదే పొడుగు చెయ్యి. "మొన్నటిదాక మంచిగనే పలికింది పెద్నాయినా. స్పీకర్ వైరు పోగులు ఒకదానికొకటి తగిలినయి. పట్‌మన్నది. గప్పటి సంది సప్పుడు లేదు." సరిగ్గా శుక్రవారం, అంటే ఇప్పటికి రేపే, పినపాక దగ్గర ఒక పెళ్లిలో ఆ పిల్ల మొదటి ప్రోగ్రాం. చెప్పి, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అంది, నవ్వుతూనే. "తీగలు పట్టుకుంటే చేతులు చిమచిమలాడుతయి. నాయిన ఉన్నప్పుడు గూడ గట్లనేనా?" భాస్కర్ కింద పడని స్క్రూ కోసం వంగాడు. లేచేసరికి వాళ్లు మెట్లు దిగిపోయారు.

ఆ చిమచిమ అతన్ని నాలుగు రోజులుగా వదల్లేదు. కరెంటు తీగ చూస్తే తెలిసిపోయేదే. ఆరేళ్ల కింద గొడ్డలి వేటుకు తెగిన తీగ మొండెం పెట్టె వెనక రెండు మూరలు వేలాడుతోంది. దానికి శ్యామల రెండు తీగల ఇంటి వైరు మెలేసి టేపు చుట్టుకుంది. ఆ అతుకు ఊడదీసి చెత్తబుట్టలో పడేశాడు గానీ, మొండెం లోపలికి ఎక్కడికి పోతుందో చూడలేదు. చూడాల్సిన మొదటి చోటు అదే. కొత్తగా పని నేర్చుకునేవాడికైనా అదే చెబుతాడు, ముందు కరెంటు వచ్చే దారి చూడు, తర్వాతే మిగతాది. తను మాత్రం మొసలి నోటి క్లిప్పులు రెండు తీసుకుని, మొండేన్ని దాటి, నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లకు తగిలించాడు. వైరు ఆఖర్న వేస్తాలే అనుకున్నాడు. ఆఖరు అనేది ఎంత బాగుండే మాట. ట్రాన్సిస్టర్ల కోసం ఖమ్మం పోయి వచ్చాడు. అవి రెండూ వేశాడు. పొద్దున స్విచ్ వేస్తే బల్బు నిండుగా, పెళ్లి పందిట్లో లైటులా వెలిగింది. లోపల షార్టు. బల్బు అడ్డం లేకపోతే కొత్తవి రెండూ అప్పుడే పోయేవి.

డూప్లికేటు సరుకేమో అనుకుని రెండూ ఊడదీసి మీటర్‌తో చూశాడు. రెండూ అప్పుడే పుట్టిన పిల్లల్లా ఉన్నాయి. ఒకటి తిరిగి వేస్తే బల్బు తగ్గింది. రెండోది వేస్తే భగ్గుమంది. అంటే వస్తువు మంచిదే, అది కూర్చున్న చోటే చెడ్డది. ఆ ట్రాన్సిస్టర్ ఇనప టోపీ ఒళ్లంతా కరెంటే. దాన్ని బిగించే అల్యూమినియం దిమ్మకు, పెట్టె ఒంటికి, ఆ కరెంటు తగలకూడదు. మధ్యలో మైకా పొర ఒకటి వేస్తారు, ఉల్లిపొర కన్నా కాస్త మందం. పాత మైకాయే కదా, బాగానే ఉంది కదా అని మళ్లీ వేశాడు. దాని కింద ఆవగింజలో సగం ఉన్న సీసం బొట్టు ఒకటి నక్కి ఉంది. స్క్రూ బిగిస్తుంటే అది పొరను పొడిచి అవతలికి తేలింది. వేలితో తడిమితే గుచ్చుకుంది. ఎప్పటిదో సీసం. ఎవరు టంకం వేస్తుంటే రాలిందో. ఈ పెట్టెను తను తప్ప ఇంకెవరు విప్పారని?

ఇరవై. అంకె రెండు పెరిగింది. వేడెక్కుతుంటే కాస్త పెరగడం మామూలే. బయట మిరప ట్రాక్టరు పోతున్నట్టుంది, ఘాటు లోపలికి వచ్చి గొంతులో కూర్చుంది. దగ్గాడు. దగ్గు ఆగాక అర్థమైంది, గదిలో ఇంకో చప్పుడు ఉందని. గుయ్యి. స్పీకర్‌లోంచి, సన్నగా, మూసిన డబ్బాలో తేనెటీగ తిరుగుతున్నట్టు. ఎప్పటి నుంచి వస్తోందో. టెస్టర్ తీసి పెట్టె ఒంటికి ఆనించాడు. వెలగలేదు. అలవాటుగానే అరచెయ్యి దాని మీద వేశాడు. గుయ్యి టక్కున ఆగింది. చెయ్యి తీశాడు. మళ్లీ మొదలైంది. చెయ్యి వేశాడు. ఆగింది. "సూసినవానె అన్నా? పట్టుకుంటే ఊరుకుంటది. ఇడిసిపెడితే ఏడుస్తది. సంటిపిల్ల లెక్క." అది ఆదినారాయణ గొంతు, శ్యామల తండ్రిది. ఇదే బల్ల, ఎదురుగా ఇదే స్టూలు. స్టూలు ఖాళీగా ఉంది. భాస్కర్ దాని వైపు చూడకుండా రేడియో పెట్టబోయి, పెట్టలేదు.

ఊటవాగు గూడెం నుంచి ఖమ్మం ఆర్కెస్ట్రా దాకా పోయిన గిటారిస్టు ఆదినారాయణ ఒక్కడే. తునికాకు సీజన్లో కల్లానికి వచ్చిన లారీ డ్రైవరు దగ్గర పాత గిటార్ కొని, రేడియో విని, వేళ్లు పగిలేదాకా తనంతట తనే నేర్చుకున్నాడు. గూడెంలో ముసలివాళ్లు మొదట నవ్వారట, ఇదేం డోలురా, కొడితే మోగదు, గోకితే మోగుతుందని. తర్వాత వాళ్ల పెళ్లిళ్లలో అదే కావాలన్నారు. ఈ పెట్టె కొన్న కొత్తలో వాడికి ఒకటే బాధ. స్టేజీ మీద మైకుల సెట్టుకూ దీనికీ వైరు కలిపితే చాలు, బుర్ర తిరిగిపోయేంత గుయ్యి. పాటకు పాటకు మధ్య జనం చెవులు మూసుకునేవాళ్లు. "పరువు పోతాందన్నా. పాటలు పాడే సింగరమ్మ నా దిక్కు గుడ్లురిమి సూస్తాంది. ఏదన్న జేసి ఈ లొల్లి ఆపు. నీకు కోడిని పట్టుకొస్త." కోడిని నిజంగానే పట్టుకొచ్చాడు, కాళ్లకు తాడు కట్టి, ఇదే కౌంటర్ కింద వదిలాడు.

అప్పుడు తను చేసింది ఎంత చిన్న పని. కరెంటు వైరులో మూడు తీగలు. రెండు కరెంటును తెచ్చి తీసుకుపోయేవి. మూడోది పచ్చది, ఎర్త్‌ది, మామూలు రోజున ఏ పనీ చెయ్యదు. ఏదో తప్పు జరిగి పెట్టె ఒంటికి కరెంటు ఎక్కిన రోజున దాన్ని భూమిలోకి గుంజుకుపోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఆ ఒక్క రోజు కోసమే అది ఉంటుంది. మైకుల సెట్టుకూ ఎర్త్, దీనికీ ఎర్త్, రెండూ కలిసినప్పుడు ఆ గుయ్యి వస్తుంది. ఒకటి తీసేస్తే పోతుంది. అందరూ చేసే పనే, ఈ చుట్టుపక్కల ఎవడిని అడిగినా ఇదే చెబుతాడు. మిగతావాళ్లు ప్లగ్గులో లావు పిన్ను పీకేస్తారు. అలా పీకితే టెంట్ హౌస్ బోర్డుల్లో ప్లగ్గు వదులై ఊగుతుంది, చూడ్డానికి కక్కుర్తి పనిలా ఉంటుంది. భాస్కర్ పని అలా ఉండదు. ప్లగ్గును ముట్టుకోలేదు. పెట్టె లోపల పచ్చ తీగను కోసి, వెనక్కి మడిచి, పసుపు స్లీవ్ తొడిగి, మైనం దారంతో రెండు ముళ్లు వేశాడు. పైనుంచి ఎవరు చూసినా మూడు పిన్నుల ప్లగ్గు, మూడు తీగల వైరు. ఎంత శుభ్రంగా ఉందో అని తనే మురిసిపోయాడు. ఆ తర్వాత పెద్ద గుయ్యి పోయి ఈ సన్నది మిగిలింది, గిటార్ తీగలు పట్టుకుంటే ఆగిపోయేది. పట్టుకున్నవాడి ఒళ్లే ఎర్త్ అవుతోందని ఆదినారాయణకు తెలియదు. తనకు తెలుసు. తెలిసి, వాడు చంటిపిల్ల అంటుంటే తనూ నవ్వాడు.

ఫోను మోగింది. ఉషారాణి. "డబ్బా తిన్నవా, అట్లనే పెట్టినవా?" అంది భార్య. తిన్నానన్నాడు. డబ్బా బల్ల కింద మూత తియ్యకుండానే ఉంది. "గొంతేందట్ల ఉంది?" మిరప ఘాటన్నాడు. అది నిజమే కాబట్టి గొంతు తడబడలేదు. ఒక నిజం ముందు పెట్టి వెనక ఏదైనా దాచవచ్చని ఆరేళ్లలో బాగా అలవాటైంది. ఫోను పెట్టేసి మీటర్ చూశాడు. ఇరవై నాలుగు.

ఆరేళ్ల కిందటి మే నెల. మధ్యాహ్నం పెళ్లి. వడ్డన సగంలో ఉండగా వాన దిగిందట, ఎండాకాలపు వాన, పది నిమిషాలది. టెంటు కింద స్టేజీ తడిసింది. ఆదినారాయణ గిటార్ వాయిస్తూ, కోరస్ అందుకోవడానికి మైకు దగ్గరికి వంగాడు. తీగల మీద వేళ్లు, మైకుకు పెదాలు. పాట ఆగలేదట, కీబోర్డు వాడు ఇంకో చరణం వాయించాడట, ఆది ఆటపట్టిస్తున్నాడనుకుని. కరెంటు పని చూస్తున్న లచ్చయ్య ఒక్కడే కనిపెట్టి, పొయ్యి దగ్గర కట్టెలు కొట్టే గొడ్డలి అందుకుని, వచ్చి వైరు మీద ఒక్క వేటు వేశాడు. గొడ్డలి పిడి ఎండిన కర్ర కాబట్టి బతికాడు. ఆది బతకలేదు. లచ్చయ్యదీ ఊటవాగే. టెంట్ హౌస్‌లో పదేళ్లుగా వైర్లు లాగేవాడు. ఇంకెవరిని అంటారు? వైర్లు లాగినవాడే చంపినవాడు. గూడెం పెద్దలు కూర్చున్నారు. తప్పు కట్టమన్నారు. లచ్చయ్య మేకను కోసి ఊరికి పెట్టాడు, తిన్నవాళ్లెవరూ వాడి ముఖం చూడలేదు. అప్పటి నుంచి వాడి చేతికి బల్బు కూడా ఇవ్వరు. ఆకు సీజన్లో ఆకు, పువ్వు సీజన్లో పువ్వు, మిగతా రోజుల్లో మిరప కూలి. ఆ కబురు తెలిసిన రోజున భాస్కర్ ఏమనుకున్నాడు? వాన అనుకున్నాడు. వాన పడితే ఏదైనా జరుగుతుంది. వందసార్లు అనుకుంటే వానే చంపినట్టు అయింది. పడింది కూడా.

ఆదిని సాగనంపిన రోజు గూడేనికి తనూ పోయాడు. ఊరి బయట వాళ్ల పెద్దల రాళ్లు వరసగా నిలబెట్టి ఉన్న చోట, ఆదికీ ఒక రాయి నిలబెడుతున్నారు. వాడి సామాను వాడితోనే పోవాలన్నారు ముసలివాళ్లు. గిటార్ తెచ్చి రాయికి ఆనించారు. ఈ పెట్టె కూడా తెమ్మన్నారు. జంపక్క ఇవ్వనంది. దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. అప్పుడు తను, వాళ్ల కులం కాదు, వాళ్ల దేవుళ్లు కాదు, ఆ రాళ్ల సంగతి తెలిసినవాడు కాదు, ముందుకు పోయి మెత్తగా చెప్పాడు. "ఇచ్చెయ్ జంపక్కా. ఆచారం కాదనొద్దు. వానితోనే పోనియ్." ఎంత పెద్దమనిషి తరహాగా చెప్పాడో. రెండు వానలు పడితే పెట్టె కుళ్లిపోతుంది, లోపలి పసుపు స్లీవ్ కూడా కుళ్లిపోతుంది, ఆ లెక్క మనసులో నడుస్తూనే ఉంది. జంపక్క తలెత్తి చూసింది. "నీకెందుకన్నా మా ఆచారం?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. అతను వెనక్కి జరిగాడు. ఎవరో చెట్టు కింద కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. తాగాడు.

తన చిన్నప్పుడు ఒక రోజు నాన్న కూడా అలాగే తాగాడు, మజ్జిగ. వెంకటరామారావు గారు. కృష్ణా జిల్లా నుంచి తాత కాలంలో వచ్చి తల్లాడ అవతల అడవిని ఆనుకుని చేలు చేసుకున్న కుటుంబం. మొక్కజొన్న మీద అడవి పందులు పడుతున్నాయని నాన్న చేను చుట్టూ తీగ లాగి మోటారు స్టార్టరులోంచి కరెంటు ఇచ్చాడు. అందరూ చేసేదే. తెల్లారి పోయి చూస్తే తీగ పక్కన పంది కాదు, లంబాడా తండా రూప్లి ఆవు. చూడి ఆవు. నాన్న ఆవు దగ్గరికి పోలేదు. ముందు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. గబగబా, మోచేతికి చుట్టలు చుట్టలుగా. "గుంజలు పీకరా" అన్నాడు. పదేళ్ల భాస్కర్ పీకాడు. పొద్దెక్కేసరికి చేను మామూలు చేను. రూప్లి వచ్చి ఆవు మీద పడి ఏడుస్తుంటే, పాము కరిచిందేమోనమ్మా అన్నాడు నాన్న. ఆమె నమ్మింది. నాన్నకే మజ్జిగ ఇచ్చి పోయింది, తన ఆవును ముందుగా చూసి కబురు పెట్టినందుకు. ఆ గుంజల గుంతలు వేళ్లకు ఇంకా గుర్తున్నాయి. పీకాక మట్టి కాలితో తొక్కి సమం చెయ్యాలి. అది తనకెవరూ చెప్పలేదు. తనంతట తనే చేశాడు.

ముప్పై ఒకటి.

భాస్కర్ కుర్చీలోంచి లేచాడు. ముప్పై ఒకటా? పద్దెనిమిది దగ్గర మొదలైంది. బల్బు చూశాడు. ఇందాకటి వెంట్రుక ఇప్పుడు దారం అంత అయింది. వేడి వాసన. ముప్పై మూడు. ట్రాన్సిస్టర్లు వేడెక్కుతున్నాయి, వేడెక్కినకొద్దీ ఎక్కువ కరెంటు తాగుతున్నాయి, తాగినకొద్దీ ఇంకా వేడెక్కుతున్నాయి. ఇంకో పది నిమిషాలు వదిలితే వాటంతట అవే కాలిపోతాయి. ముప్పై ఆరు. స్విచ్ కొట్టేశాడు. గుయ్యి చచ్చింది. గదిలో గడియారం చప్పుడు మొదలైంది. ఏం మర్చిపోయాను? కొత్తవి కొత్తవే. మైకా కొత్తదే. వేడి లాగే తెల్ల పేస్టు పూశాను. బోర్డు ఎత్తి టార్చి వేసి చూశాడు. దొరికింది. పెద్ద ట్రాన్సిస్టర్లు రెండింటి మధ్య ఒక చిన్నది ఉంటుంది, వేలిగోరంత. పాట పలికించడం దాని పని కాదు. పెద్దవాటి దిమ్మకు ఒళ్లు ఆనించి కూర్చుని, అవి వేడెక్కుతుంటే కనిపెట్టి, కరెంటు తగ్గించడం దాని పని. పొద్దున దిమ్మ తుడిచేటప్పుడు పక్కకు వంచాడు, తిరిగి ఆనించలేదు. అది గాల్లో నిలబడి, అంతా చల్లగానే ఉందనుకుంటోంది. పక్కన కొంపలు కాలుతుంటే.

ఇరవై ఎనిమిదేళ్లలో ఇలాంటి పొరపాటు చెయ్యలేదు. ధ్యాస పని మీద లేదు, అంతే కదా, నాలుగు రోజులుగా లేదు. చిన్నదానికి పేస్టు పూసి, దిమ్మకు నొక్కి, క్లిప్పు పెట్టాడు. స్విచ్. బల్బు భగ్గుమని తగ్గింది. పద్దెనిమిది. పంతొమ్మిది. పంతొమ్మిది. అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూస్తూ కూర్చున్నాడు. మూడున్నర దాటింది. నాలుగింటి బస్సు ఏనాడూ నాలుగున్నర లోపు రాలేదు. ఇంకో గంట ఉన్నట్టే.

శ్యామల ఆగి అడిగిన చోటే లచ్చయ్య కూడా నిలబడ్డాడు, ఆ గుమ్మంలోనే, పోయినేడు పువ్వు సీజన్లో. లోపలికి రమ్మంటే రాలేదు. వైర్ల కొట్టులో కాలు పెట్టడానికి కూడా భయం పట్టుకున్నట్టుంది వాడికి. సంచి భుజానికి ఉంది, పువ్వు అమ్ముకుని పోతున్నాడు. "ఏం లేదన్నా. ఒక్క మాట అడిగిపోదామని వచ్చిన. నీకు తప్ప ఇంకోలకు తెల్వది" అన్నాడు. "ఆ రోజు అన్ని వైర్లకు టెస్టర్ పెట్టి సూసిన. ఆదిగాని ప్లగ్గు గూడ సూసిన. మూడు పిన్నులున్నయి, బోర్డుకు ఎర్త్ ఉన్నది. మరి ఫ్యూజు ఎందుకు పోలే? ఎట్ల సచ్చిపోయిండన్నా వాడు? రోజు అదే మతికొస్తది. నేను ఏడ తప్పు జేసిన్నో సెప్పు, సాలు. తిట్టినా ఏమనుకోను." వాడి కళ్లలోకి చూశాడు భాస్కర్. తప్పు తనదే అయి ఉంటుందని వాడు నమ్ముతున్నాడు. అది ఎక్కడో తెలిస్తే చాలంటున్నాడు. అప్పుడు తన నోట్లోంచి రెండక్షరాలు వచ్చాయి. "వానరా." లచ్చయ్య తలూపాడు. "అవ్. వాన పడ్డది" అని సంచి సర్దుకుని ఎండలోకి పోయాడు. పోయాక భాస్కర్ ఆ గుమ్మం కడిగించాడు, ఎందుకో తనకే తెలియదు.

పంతొమ్మిది. పంతొమ్మిది. ఇరవై. పంతొమ్మిది. అంకె ఒక చోట కూర్చుంది. నాలుగూ పదిహేను. ఇక చెయ్యాల్సింది ఒక్క పని, ఆఖరిది. స్విచ్ ఆపి, క్లిప్పులు ఊడదీసి, పెట్టెను తిప్పాడు. తీగ మొండెం ముఖానికి ఎదురుగా వచ్చింది. గొడ్డలి వేటుకు ఏటవాలుగా తెగింది, రాగి పోగులు నల్లబడ్డాయి. అది లోపలికి పోయే రంధ్రానికి రబ్బరు బుష్షు ఉండాలి, లేదు. ఎప్పుడు ఊడిందో, ఊడిందని తను అప్పుడు చూశాడో లేదో గుర్తు రాలేదు. చూసే ఉంటాడు. ఆటోల మీద, ట్రాలీల మీద, వాగు రాళ్ల మీద కుదుపుకు వైరు ఆ రేకు అంచుకు రాసుకుని రాసుకుని తోలు ఒలిచినట్టయింది. లోపలి రాగి కనిపిస్తోంది. ఎదురుగా రేకు మీద మసి మచ్చ, కందిగింజంత. అక్కడ కరెంటు పెట్టె ఒంటికి ఎక్కింది. ఎక్కి, పోవడానికి దారి కోసం చూసింది. పచ్చ తీగ దారిలో పోయి ఉంటే ఫ్యూజు పోయేది. పెళ్లిలో పాట ఆగేది, లచ్చయ్య తిట్టుకుంటూ ఫ్యూజు మార్చేవాడు, ఆది వానను తిట్టి ఒక బీడీ కాల్చుకునేవాడు. మచ్చ మీద వేలు పెట్టాడు. రాలేదు. గోరుతో గీకాడు. రేకులోకి దిగిపోయి ఉంది. పక్కనే, మడిచి, శుభ్రంగా, పసుపు స్లీవ్. మైనం దారం. రెండు ముళ్లు. ఆరేళ్లయినా వదులు కాలేదు. భాస్కర్ చెయ్యి పడితే అంతే.

ఈ నెలలో శ్యామల ఎన్నిసార్లు దీన్ని పట్టుకుంది? చెక్క మంచం మీద కూర్చునో, చెప్పులు వేసుకునో ఉంటుంది. అందుకే చిమచిమతో సరిపోయింది. రేపు తడి నేల మీద నిలబడి, మైకుకు పెదాలు ఆనించి. లేదు. ఇప్పుడు లేదు. కత్తెర తీసి మొండేన్ని మొదలంటా కోసేశాడు. కొత్త బుష్షు, కొత్త మూడు తీగల వైరు, పచ్చ తీగకు బిళ్ల వేసి రేకుకు స్క్రూతో, పైన ఇంకో నట్టుతో బిగించాడు. మీటర్ పెట్టి చూశాడు. పిన్ను నుంచి రేకు దాకా అడ్డు సున్నా. నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాడు. స్విచ్. ఏ చప్పుడూ లేదు. చెయ్యి వెయ్యకుండానే లేదు. గుయ్యి పోయింది. రేపు మైకుల సెట్టుతో కలిస్తే పెద్ద గుయ్యి వస్తుంది కాబట్టి, ఆ వైరు మధ్యలో పెట్టుకునే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఒకటి తీసి పక్కన పెట్టాడు. అది అప్పుడు కూడా బీరువాలో ఉంది. తీగ కొయ్యడం తేలికని కోశాడు.

ఇక అయిపోయింది. పెట్టె మంచిదైంది. పిల్లకు ఏ భయమూ లేదు. పాత వైరు ముక్క, పసుపు స్లీవుతో సహా, బల్ల మీద ఉంది. చెత్తబుట్ట కాలి దగ్గర ఉంది. ఇప్పుడు ఎవరికి చెప్పి ఏం లాభం? ఆది లేచి వస్తాడా? జంపక్క అన్నదమ్ములు నలుగురు, ఈ కొట్టు అద్దాలు మిగులుతాయా? ఉషారాణి ఊళ్లో తలెత్తుకుని తిరగగలదా? ముందు తీగ చుట్టెయ్యి. గుంజలు పీకెయ్యి. మట్టి తొక్కెయ్యి. చెయ్యి వైరు ముక్క మీదికి పోయింది. అప్పటికే దాన్ని మోచేతికి చుట్టడం మొదలుపెట్టిందని చూసుకుని భాస్కర్ ఆగిపోయాడు. బయట బస్సు హారను.

"అయిందా అన్నా? లేకుంటే రేపు నా బిడ్డ నోటితోనే గిటార్ సప్పుడు జెయ్యాలె" అంటూ జంపక్క మెట్లెక్కింది. వెనక శ్యామల, వీపున కొత్తగా కొన్న గిటార్. అయిందన్నాడు. శ్యామల వైరు పెట్టి, రెండు తీగలు మీటింది. గది నిండింది. ఆ మోతకు పెట్టెలోని ఇప్పపువ్వు వాసన కూడా కదిలింది. చెయ్యి తీసింది. నిశ్శబ్దం. పిల్ల నుదురు ముడుచుకుని స్పీకర్‌కు చెవి పెట్టింది.

"పెద్నాయినా, నాయిన పట్టుకుంటే ఊరుకుంటది అనేటోడు గదా. గిది ఇడిసిపెట్టినా ఊరుకుంది. ఏం జేసినవ్?"

"పెద్ద మెకానిక్కు గదనే. ఏదో జేసిండు" అంది జంపక్క. పెట్టె మీద చెయ్యి వేసి నిమిరింది, ఆ రోజు రాళ్ల దగ్గర వేసినట్టే రెండు చేతులూ. "గిదేదో ఆయన ఉన్నప్పుడే జేస్తే అయిపోవు గదన్నా. ఎంత సంబరపడేటోడో."

భాస్కర్ నీళ్ల సీసా అందుకుని, తాగకుండానే పెట్టేశాడు. "జంపక్కా, లచ్చయ్య నంబరున్నదా?"

ఆమె ముఖం మారిపోయింది. "వానితోని నీకేం పని? ఆరేండ్లాయె, మా గడపల వాడు అడుగు పెట్టలే, వాని గడపల మేం పెట్టలే."

"నా దగ్గరున్నదమ్మా" అంది శ్యామల మెల్లగా, తల్లి వైపు చూడకుండా. "లచ్చయ్య మామ బిడ్డ నాతోని సదువుకున్నది." నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను బల్ల మీద ఉంచింది. మోగుతోంది. భాస్కర్ మోచేతి చుట్లు విప్పాడు. పసుపు స్లీవ్ ఉన్న చివరను జంపక్క అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. ఆమె అదేమిటో తెలియక అతని వైపే చూస్తోంది.

"ఎవలు?" అవతల ఎండుటాకుల మీద నడుస్తున్న చప్పుడు.

"నేను, ఏన్కూరు భాస్కర్‌ని. జంపక్క గూడ ఇక్కడనే ఉన్నది. ఇంటున్నది."

ఆకుల చప్పుడు ఆగింది. "సెప్పన్నా" అన్నాడు లచ్చయ్య.

"నువ్వొచ్చి నన్నొక మాట అడిగినవ్. నేను అబద్ధం చెప్పిన. వాన కాదు లచ్చయ్యా. ఎర్త్ తీగ నేనే కోసిన."